నగర రవాణా సాధనముల సమన్వయము

పల్లెటూరిలో ప్రయాణమనునది పెండ్లికో, తిరునాళ్ళకో, సంతకో, కోర్టు వాయిదాకో చేయునది. నగరములో అది అన్నము వండుకొనుటవలె నిత్యకృత్యము. ఇల్లు ఒకచోట, పని ఒకచోట, పిల్లల చదువు ఇంకొకచోట, వైద్యము మరియొకచోట. ఉదయము బయలుదేరినది మొదలు సాయంకాలము ఇల్లు చేరువరకు మన కాలములో ఎంత భాగము దారిలో గడచుచున్నదో ఎవరికి వారు లెక్క చూచుకొనవచ్చును. పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర అయినచో, నెలలోని 25 పనిదినములకు 75 గంటలగును. అనగా ప్రతి నెలలోను మూడు పగళ్ళు, మూడు రాత్రులు మనము దారిలోనే ఉన్నామన్నమాట.

ఈ 75 గంటలలో బండి నడచిన కాలమెంత, బండికొరకు మనము నిలుచున్న కాలమెంత? ఈ ప్రశ్న తఱచుగా ఎవరును వేయరు. నగర రవాణాను గూర్చి మాటలాడునపుడు బస్సులెన్ని, రైళ్ళ వేగమెంత, రోడ్ల వెడల్పెంత అని ఆలోచింతుము. ఒక బండి దిగి మరియొక బండి ఎక్కుచోట ఏమి జరుగుచున్నదో ఆలోచింపము. నిజమునకు ప్రయాణీకుని ఓపిక హరించునది ఆ చోటే. నేటి ప్రసంగములో మేము ప్రస్తావింపదలచినది ఆ చోటును గూర్చియే. బస్సు, రైలు, మెట్రో, ఆటో, కాలినడక, ఇవి యన్నియు వేర్వేరు సాధనములైనను ప్రయాణీకునకు ప్రయాణము ఒక్కటే. ఆ ఒక్క ప్రయాణమునకు అనుగుణముగా వీటినన్నిటిని కూర్చుటనే సమన్వయమందుము.

మనకు బాగుగా తెలిసిన హైదరాబాదు నగరమునే ఉదాహరణముగా తీసికొందము. 1874లో సికింద్రాబాదునకు వాడి నుండి రైలుమార్గము వచ్చినది. 1930లో ఆ రైల్వేను నిజాం ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. రెండేండ్ల తరువాత, 1932 జూన్‌లో, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రభుత్వ బస్సుల వ్యవస్థ ప్రారంభమైనది. ఇందులో గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. ఆ బస్సులను నడిపినది వేరొక శాఖ కాదు, రైల్వేవారే. నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా ఒక విభాగముగా ఉండెను. రైలును, బస్సును ఒకే ఇంటి పెద్ద నడిపించినాడు.

తరువాత ఆ ఉమ్మడి కుటుంబము వేరుపడినది. 1951లో బస్సులు రైల్వే నుండి విడిపడి రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చినవి. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రైల్వే కేంద్ర ప్రభుత్వమునకు చెందినది. 2003 ఆగస్టులో దక్షిణ మధ్య రైల్వే, రాష్ట్ర ప్రభుత్వము కలిసి, పాత పట్టాలమీదనే ఎం.ఎం.టి.ఎస్. అను నగర రైళ్ళను ప్రారంభించినవి. 2017 నవంబరు 28వ తేదీన మియాపూరు నుండి నాగోలు వరకు మెట్రో రైలు ప్రారంభోత్సవము జరిగినది. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్ స్టేషను, మహాత్మాగాంధీ బస్ స్టేషనుల నడుమ మార్గము కూడ తెరచిన తరువాత మెట్రో మొత్తము 69 కిలోమీటర్లయినది. దానిని నిర్మించి నడుపుటకు 2010లో ప్రభుత్వము ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందము చేసికొన్నది. ఇట్లు బస్సు రాష్ట్రముది, నగర రైలు కేంద్రముది, మెట్రో ఒప్పందముమీద కట్టినది, ఆటో దాని యజమానిది, కాలిబాట మునిసిపాలిటీది. ఎవరి కాపురము వారిది, ఎవరి లెక్కలు వారివి. ప్రయాణీకుడు మాత్రము ఒక్కరోజులోనే ఈ ఇండ్లన్నిటి గడపలు తొక్కవలసి యున్నది.

ఘటకేసరులో నివసించుచు పటాన్‌చెరువులో పనిచేయు ఒక కార్మికురాలిని ఊహింతము. ఆమె ఇంటినుండి నడచి వచ్చి బస్సెక్కి ఉప్పల్ చేరును. అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, మరియొక మార్గపు మెట్రోలోనికి మారి మియాపూరు చేరును. మియాపూరులో తిరిగి బస్సో, షేర్ ఆటోయో చూచుకొనవలెను. అమీర్‌పేటలో మారుటకు ఆమె మరొక టిక్కెట్టు కొననక్కరలేదు, రోడ్డు దాటనక్కరలేదు. మెట్లు, లిఫ్టు, ఎస్కలేటరు ఉన్నవి. ఏ ప్రక్కకు పోవలెనో చెప్పు బోర్డులున్నవి. మెట్రో నుండి మెట్రోకు మారుట అంత సులభమైనపుడు, బస్సు నుండి మెట్రోకు మారుట ఏల కష్టము కావలెను? వ్యత్యాసము దూరములో లేదు. అమీర్‌పేటలో రెండు మార్గములను ఒకరే ఆలోచించి కట్టినారు. ఉప్పల్‌లోను, మియాపూరులోను బస్సును గూర్చి ఒకరు, రైలును గూర్చి మరొకరు ఆలోచించినారు.

సమన్వయము మూడు విషయములలో జరుగవలెను. మొదటిది స్థలము, రెండవది కాలము, మూడవది ధర. ఒక్కొక్కదానినే పరిశీలింతము.

స్థలమును గూర్చి మొదట చెప్పుకొందము. హైదరాబాదులో రైలు, మెట్రో ప్రక్కప్రక్కనే ఉన్నచోట్లు లేకపోలేదు. బేగంపేట, భరత్‌నగర్, నాంపల్లి, మలక్‌పేటలలో రెండు స్టేషనులును దగ్గర దగ్గరనే ఉన్నవి. మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దూరపు ఊళ్ళనుండి వచ్చినవారు దిగి, అక్కడనే మెట్రోలో రెండు మార్గములలో దేనినైనను అందుకొనవచ్చును. ఇది మెచ్చుకొనదగిన ఏర్పాటు. సికింద్రాబాదు సంగతి వేరు. రైల్వే స్టేషను ఎదుట రేతిఫైల్ బస్ స్టాండు, స్టేషనునకు ఒక ప్రక్క సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో, మరికొంత దూరమున గాంధీ ఆసుపత్రి వైపు సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో. పటములో చూచినచో ఇవి యన్నియు ఒకే చుక్కలో ఇముడును. పెట్టె నెత్తిన పెట్టుకొని, బిడ్డను చంకనెత్తుకొని నడచు తల్లికి ఆ చుక్క ఎంత పెద్దదో ఆమెకే తెలియును.

దగ్గరగా ఉండుట ఒక్కటే చాలదు. ఆ నడుమనున్న నూఱు గజములు నడువదగినవిగా ఉండవలెను. కాలిబాటమీద ట్రాన్స్‌ఫార్మరు, దాని ప్రక్క బండ్ల స్టాండు, దాని ప్రక్క తెరచియున్న మురుగు కాలువ ఉన్నచో నూఱు గజములు నూఱు ఆమడలతో సమానము. కన్ను కనబడనివారికి, చక్రాల కుర్చీలో పోవువారికి, మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులకు అది దాటరాని ఏరే. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట ఒంటరిగా పని ముగించుకొని వచ్చు స్త్రీకి ఆ దారిలో దీపమున్నదా, నలుగురు మసలుచున్నారా అనునది బస్సు రాకకంటె ముఖ్యమైన ప్రశ్న. 2023లో ఉప్పల్ కూడలిలో మెట్రో స్టేషనును బస్సు ఆగుచోట్లతో కలుపుచు రోడ్డుమీదుగా ఒక నడకవంతెనను ప్రారంభించినారు. వాహనముల ఒరవడిలో ప్రాణములు అరచేత పట్టుకొని దాటవలసిన కూడలిలో ఇది పెద్ద ఉపకారము. ఇట్టి పనులను రవాణా పనులుగానే ఎంచవలెను. ఏలయనగా ప్రతి బస్సు ప్రయాణమును, ప్రతి రైలు ప్రయాణమును నడకతోనే ప్రారంభమై నడకతోనే ముగియును.

ఇక కాలము సంగతి. బండి మారుట యనగానే మనలో చాలమందికి మనస్కరించదు. మా వీధినుండి మా ఆఫీసునకు తిన్నగా పోవు బస్సు వేయుడని అధికారులకు అర్జీలు పెట్టుచుందుము. ఆ కోరిక సహజమే. దాని ఫలితమేమో చిన్న లెక్కతో చూతము.

నగరమునకు పడమట ఐదు పేటలు, తూర్పున ఐదు పనిస్థలములు ఉన్నవనుకొందము. ప్రతి పేటనుండి ప్రతి పనిస్థలమునకు తిన్నగా బస్సు వేసినచో 25 మార్గములు కావలెను. ఉన్న బస్సులను ఈ 25 మార్గములకు పంచగా, ఒక్కొక్క మార్గములో అరగంటకొక బస్సు వచ్చుచున్నదనుకొందము. ఇప్పుడు నగర మధ్యమున ఒక కూడలి ఏర్పరచి, ఐదు పేటలనుండి ఐదు మార్గములు, ఐదు పనిస్థలములనుండి ఐదు మార్గములు అక్కడ కలియునట్లు చేయుదము. మార్గములు పదియే. పైగా ఒక్కొక్క మార్గపు పొడవు సగమే. అవే బస్సులతో, అదే ఖర్చుతో ఒక్కొక్క మార్గములో ఐదింతలు ఎక్కువగా, అనగా ఆరు నిమిషములకొక బస్సు నడుపవచ్చును. అరగంటకొకటి వచ్చు బస్సు కొరకు మనిషి సగటున పదునైదు నిమిషములు నిలువవలెను. ఆరు నిమిషములకొకటి వచ్చునపుడు ఇంటివద్ద మూడు నిమిషములు, కూడలివద్ద మూడు నిమిషములు, వెరసి ఆరు. ఒకమారు బండి మారినను తొమ్మిది నిమిషములు మిగులును. నిజమైన నగరము ఈ లెక్కయంత తిన్నగా ఉండదు. అయినను న్యాయము మాత్రము ఇదియే. బండి మారుట సులభమైనచోట బండ్లు తఱచుగా వచ్చును. బండి మారుట కష్టమైనచోట ప్రతివారును తిన్నగా పోవు బస్సు కోరుదురు, ఆ బస్సు అరగంటకొకసారి గాని రాదు.

ఇంకొక సంగతి. బండిలో కూర్చున్న పది నిమిషములకంటె స్తంభముక్రింద నిలుచున్న పది నిమిషములు మనకు దీర్ఘముగా తోచును. ప్రయాణీకుల మనస్తత్త్వమును పరిశీలించినవారు ఈ భేదము ఇంచుమించు రెట్టింపు ఉండునని చెప్పుదురు. బస్సెప్పుడు వచ్చునో తెలియనపుడు ఆ నిరీక్షణ మరింత బరువగును. కావున వేళ తెలుపుట కూడ సేవయే. వచ్చు బస్సు ఎన్ని నిమిషములలో వచ్చునో మెట్రో స్టేషనులోనే బోర్డుమీద కనబడినచో, ప్రయాణీకుడు మెట్లు దిగకముందే టీ త్రాగవలెనో, పరుగెత్తవలెనో నిర్ణయించుకొనగలడు.

మా రేడియో ఉద్యోగములో ఒక కార్యక్రమము ముగిసిన క్షణముననే మరియొకటి అందుకొనవలెను. వార్తలు ఢిల్లీవి కావచ్చును, సంగీతము ఇక్కడిది కావచ్చును. నడుమ పది క్షణములు నిశ్శబ్దము వచ్చినచో శ్రోతలు మమ్ములను క్షమింపరు. ఒకరి గడియారము మరొకరి గడియారముతో కలియుటవలననే ఇది సాధ్యమగుచున్నది. స్విట్జర్లండు దేశమున రైళ్ళను, బస్సులను ఈ రీతిగానే నడుపుదురు. 1982లో ఆ దేశమంతట రైళ్ళు ప్రతి గంటకు ఒకే నిమిషమున వచ్చిపోవునట్లు కాలపట్టికను కూర్చినారు. ముఖ్య స్టేషనులలో రైళ్ళు ఒకే వేళకు చేరునట్లు, వాటికొరకు స్టేషను బయట బస్సులు సిద్ధముగా ఉండునట్లు క్రమముగా ఏర్పాటు చేసికొన్నారు. మన నగరములలో ట్రాఫిక్కు చిక్కులవలన నిమిషము తప్పని బస్సు ఆశింపలేము. కాని తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయిన పిమ్మట రోడ్లు ఖాళీగానే ఉండును. రాత్రి చివరి మెట్రో వచ్చు వేళ తెలిసినదే. ఆ రైలు దిగినవారిని అందుకొనుటకు చివరి బస్సు పది నిమిషములు ఆగుటకు కొత్త వంతెనలు అక్కరలేదు. ఒక టెలిఫోను చాలును.

మూడవది ధర. ఇది అన్నిటికంటె సున్నితమైన విషయము, ఏలయనగా ఇందులో డబ్బున్నది.

బస్సు చార్జీలలోగాని, మెట్రో చార్జీలలోగాని మొదటి కొద్ది దూరమునకు హెచ్చు ధర, తరువాతి దూరమునకు కిలోమీటరుకు తక్కువ ధర ఉండును. లెక్క కొరకు మొదటి రెండు కిలోమీటర్లకు పది రూపాయలు, ఆపైన కిలోమీటరుకు ఒక రూపాయి అనుకొందము. ఇరువది కిలోమీటర్లు ఒకే బండిలో పోయినవానికి 28 రూపాయలగును. అదే దూరమును ఐదు, పది, ఐదు కిలోమీటర్ల చొప్పున మూడు బండ్లలో పోయినవానికి 13, 18, 13, వెరసి 44 రూపాయలు. తిరుగు ప్రయాణముతో కలిపి రోజునకు 32 రూపాయలు, 25 పనిదినములకు 800 రూపాయలు అదనము. ఇతడు ఎక్కువ దూరము పోలేదు, ఎక్కువ సుఖపడలేదు. మూడుచోట్ల ఎండలో నిలుచున్నందులకు అతనికి పడిన జరిమానా ఇది. నగరపు అంచులలో అద్దె తక్కువని ఇల్లు తీసికొన్నవారే సాధారణముగా రెండు మూడు బండ్లు మారువారు. కావున ఈ జరిమానా పేదవారిమీదనే పడుచున్నది. ఇది కొన్నాళ్ళు భరించి, అప్పో సప్పో చేసి ఒక మోటారు సైకిలు కొందురు. బస్సులో ఒక ప్రయాణీకుడు తగ్గును, రోడ్డుమీద ఒక బండి పెరుగును, బస్సు ఇంకను మెల్లగా నడచును.

ఇతర నగరములవారు దీనికి మార్గములు కనిపెట్టినారు. సింగపూరులో 2010 జూలై నుండి బస్సులు, రైళ్ళు మారినను మొత్తము దూరమునకే ఒకే లెక్కన ధర కట్టుచున్నారు. లండనులో 2016లో, మొదటి బస్సెక్కిన గంటలోపల ఎక్కిన రెండవ బస్సునకు రుసుము లేకుండ చేసినారు. 2018లో ఆ సౌకర్యమును ఆ గంటలో ఎక్కిన అన్ని బస్సులకు విస్తరింపజేసినారు. మన దేశములోను 2019 మార్చి 4వ తేదీన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డును ప్రారంభించినారు. ఏ నగరములోనైనను, ఏ బండిలోనైనను ఒకే కార్డుతో చార్జీ చెల్లింపవచ్చునన్నది దాని ఉద్దేశము. ఇది మంచిదే. అయితే ఇక్కడ ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. ఒకే కార్డు వేరు, ఒకే చార్జీ వేరు. కార్డు ఒక్కటే అయినను మూడు బండ్లలో మూడుమార్లు మొదటి ధరే తీసినచో, మనకు కలిగిన లాభము చిల్లర వెదకుకొను శ్రమ తప్పుట మాత్రమే. సంచి ఒక్కటైనంతమాత్రమున సరకు చవుక కాదు.

ధరలలో మరియొక చిక్కు ఉన్నది. 2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణములో స్త్రీలకు ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర ఆర్డినరీ బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములోను అట్టి పథకము ప్రారంభమైనది. గడప దాటుటకు భర్తనో, కొడుకునో డబ్బడుగవలసిన స్త్రీకి ఇది ఎంత స్వేచ్ఛయో చెప్పనక్కరలేదు. రవాణా దృష్టితో చూచినపుడు మాత్రము ఒక ప్రశ్న వచ్చును. ఒక సాధనము ఉచితమై, దాని ప్రక్కనే పోవు మరొక సాధనము పూర్తి వెలకు దొరకునపుడు, ప్రయాణీకురాలు తనకు ఏది అనువైనదో చూడదు, ఏది చవుకో చూచును. మెట్రోలో చోటుండగా బస్సులో ఒంటికాలిపై నిలువవలసి రావచ్చును. ఉచితమును తీసివేయుట దీనికి పరిష్కారము కాదు. బస్సు, రైలు, మెట్రోల ధరలను ఒకే బల్లవద్ద కూర్చుండి నిర్ణయించుట పరిష్కారము.

ఆ బల్ల ఎక్కడ ఉన్నది, దానిచుట్టు ఎవరు కూర్చుండవలెను అన్నది అసలు ప్రశ్న. స్థలము, కాలము, ధర, ఈ మూడును చివరకు అధికారమువద్దనే ముడిపడుచున్నవి.

1933లో లండను నగరమున భూగర్భ రైళ్ళను, ట్రాములను, బస్సులను కలిపి ఒకే బోర్డు క్రిందికి తెచ్చినారు. అంతవరకు అవి ఒకదానితో నొకటి పోటీపడుచుండెను. పెద్ద రైల్వే కంపెనీలు నడిపిన శివారు రైళ్ళు మాత్రము ఆ బోర్డులో చేరలేదు. అయినను వచ్చిన ఆదాయమును ఒకచోట చేర్చి వాటాలు వేసికొను ఏర్పాటు చేసికొన్నారు. 1965లో జర్మనీలోని హాంబర్గు నగరమువారు మరియొక మార్గము త్రొక్కినారు. అక్కడ సంస్థలను కలుపలేదు. నగరపు భూగర్భ రైలు సంస్థ, దేశపు రైల్వే, తదితరులు ఎవరి సంస్థను వారు ఉంచుకొనియే, పైన ఒక సంఘముగా ఏర్పడినారు. కాలపట్టికలు, చార్జీలు, టిక్కెట్లు ఆ సంఘమువి. బండ్లు నడుపుట ఎవరిది వారిదే. వచ్చిన పైకమును ముందుగా ఒప్పుకొన్న లెక్కన పంచుకొందురు. ఈ పద్ధతిని తరువాత జర్మనీలోని ఇతర నగరములును, 1990లో స్విట్జర్లండులోని జ్యూరిచ్ ప్రాంతమును అనుసరించినవి.

మన నగరములకు ఈ హాంబర్గు మార్గమే దగ్గరగా ఉన్నదని మాకు తోచుచున్నది. కేంద్రము తన రైల్వేను ఒక నగరమునకు ఈయదు. రాష్ట్రము తన బస్సులను మరొకరికి అప్పగింపదు. ఈయనక్కరలేదు, అప్పగింపనక్కరలేదు. వేరు కాపురములున్న అన్నదమ్ములు సంక్రాంతికి ఒకే పంక్తిలో కూర్చుండుట లేదా? పొలములు వేరైనను కాలువ నీటికి వంతులు వేసికొనుట లేదా? చివరి మడివాని వంతును మొదటి మడివాడు కాజేయకుండ చూచుటకు ఒక పెద్దమనిషి ఉండును. నగర రవాణాకు కావలసినది అట్టి పెద్దరికము.

ఈ ఆలోచన మన దేశమునకు కొత్తది కాదు. 2006లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జాతీయ నగర రవాణా విధానములో, పది లక్షలకు పైబడిన జనాభా గల నగరములలో ఏకీకృత రవాణా సంస్థలు ఏర్పడవలెనని సూచించినారు. హైదరాబాదునకు సంబంధించినంతవరకు, 2008లో మహానగరాభివృద్ధి సంస్థ శాసనముతోనే అట్టి సంస్థకు పునాది పడినది. 2017లో వచ్చిన మెట్రో రైలు విధానములో, కొత్త మెట్రో కోరు రాష్ట్రములు అట్టి సంస్థను ఏర్పరతుమనియు, ప్రతి స్టేషనునుండి ఐదు కిలోమీటర్ల పరిధిలో చేర్చు బస్సులు, నడక దారులు, సైకిలు దారులు కల్పింతుమనియు మాట ఈయవలెనని షరతు పెట్టినారు. కేరళము 2019లో శాసనము చేసి, 2020లో కొచ్చిలో సంస్థను ప్రారంభించినది. మద్రాసువారు 2010లోనే శాసనము చేసికొన్నను అది 2019లో గాని అమలులోనికి రాలేదు. 2025 సెప్టెంబరులో వారు బస్సు, మెట్రో, శివారు రైలు మూడింటికి ఒకే టిక్కెట్టు కొనగల సౌకర్యమును సెల్‌ఫోనులో కల్పించినారు.

శాసనమునకును ఆ టిక్కెట్టునకును నడుమ పదునైదేండ్లు గడచినవి. కాగితముమీద సంస్థ ఏర్పడుట ఒక ఎత్తు, దానికి నిధులు, నిపుణులు, నిర్ణయాధికారము ఉండుట మరియొక ఎత్తు. ఏడాదికి రెండుమార్లు సమావేశమై టీ త్రాగి లేచిపోవు సంఘమువలన ప్రయాణీకునకు ఒరుగునదేమియు లేదు. ఏ మార్గములో ఎవరి బండి నడువవలెనో, ఎంత చార్జీ తీసికొనవలెనో, వచ్చిన డబ్బు ఎట్లు పంచుకొనవలెనో చెప్పి నెరవేర్చు శక్తి లేనిచో పెద్దమనిషి చావడిలో కూర్చున్నను నీరు చివరి మడికి పారదు.

సమన్వయమును గూర్చి కొన్ని సందేహములు లేకపోలేదు. వాటిని త్రోసివేయరాదు. మెట్రో పోవు మార్గములో బస్సులు తగ్గించి, వాటిని అడ్డదారులలో మెట్రో స్టేషనులకు చేర్చు బస్సులుగా మార్చినచో ఆర్.టి.సి. ఆదాయము తగ్గునని ఆ సంస్థవారు భయపడవచ్చును. నిండు మార్గమును వదలుకొని సందులలో తిరుగుమన్నచో ఎవరికైనను కష్టమే. అందుచేతనే ఆదాయము పంచుకొను ఏర్పాటు ముందు కావలెను, మార్గములు మార్చుట తరువాత. మెట్రోకు ప్రయాణీకులను తెచ్చి ఇచ్చిన బస్సునకు ఆ ప్రయాణపు చార్జీలో న్యాయమైన వాటా చేరవలెను. ఇట్లే ఆటో నడుపువారి భయము. చేర్చు బస్సులు వచ్చినచో తమ బ్రతుకు తెరువు పోవునని వారందురు. కాని బస్సు పట్టని ఇరుకు వీధులు మన నగరములలో లెక్కకు మించి ఉన్నవి. స్టేషనుల వద్ద ఆటోలకు నిర్ణీతమైన నిలుపు స్థలము, నిర్ణీతమైన చార్జీ, చెల్లింపునకు ఉమ్మడి కార్డు కల్పించినచో వారును ఈ వ్యవస్థలో భాగస్వాములే అగుదురు. రోడ్డు మలుపులో అడ్డముగా నిలిపి పోలీసుచేత చీవాట్లు తినవలసిన పని వారికి తప్పును. మూడవ సందేహము ప్రయాణీకులది. ఉన్న బస్సు తీసివేసి, రానున్న రైలును చూపింతురేమో యని. అది సహేతుకమైన సందేహమే. కొత్త ఏర్పాటు నడచి చూపిన తరువాతనే పాతదానిని కదలింపవలెను.

సమన్వయమన్నది కోట్ల రూపాయల పథకమనియే భావింపనక్కరలేదు. మెట్రో స్టేషను మెట్ల మొదటనే బస్సు ఆగుచోటు ఉండుట, ఆ బస్సుల నంబర్లు, వేళలు స్టేషను లోపల తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో కనబడుట, ఎం.ఎం.టి.ఎస్. వేళలు మారినపుడు బస్సు డిపోకు కబురు అందుట, నడుమనున్న కాలిబాటమీద దీపము వెలుగుట, వీటిలో ఏదియు పదేండ్లు పట్టు పని కాదు. విశాఖపట్టణమునకు, విజయవాడకు మెట్రో ప్రతిపాదనలు చాలకాలముగా ఉన్నవి. వారికి హైదరాబాదు అనుభవము ఒక లాభము. అక్కడ స్తంభములు నాటకముందే, బస్సు స్టాండు ఎక్కడ, రైల్వే స్టేషను ఎక్కడ, ఆటో ఎక్కడ నిలుచును, నడచి వచ్చువాడు ఎక్కడ దాటును అన్న ప్రశ్నలు వేసికొనవచ్చును. కట్టిన తరువాత కలుపుటకంటె కలిపి కట్టుట తేలిక, చవుక.

శ్రోతలు చేయగలిగినదియు కొంత ఉన్నది. ఇంతవరకు మన అర్జీలన్నియు మా వీధికి బస్సు వేయుడని ఉండెడివి. ఇకమీదట మా స్టేషనువద్ద బస్సు ఆగునట్లు చేయుడని, ఒకే టిక్కెట్టుతో గమ్యము చేరునట్లు చేయుడని, ఆ నూఱు గజముల కాలిబాట బాగుచేయుడని కోరవలెను. కాలనీ సంఘములు, కళాశాలలు, కార్మిక సంఘములు తమవారు ప్రతిదినము ఎక్కడ బండి మారుచున్నారో, ఎంతసేపు నిలుచుచున్నారో ఒక వారముపాటు వ్రాసి పెట్టుకొన్నచో, అది అధికారులకు మంచి సమాచారమగును. ఏ మూల ఏమి లోపించినదో దినదినము ఆ దారిన పోవువానికి తెలిసినట్లు మరొకరికి తెలియదు.

మొదట చెప్పిన 75 గంటల లెక్కను మరువకుందము. ప్రయాణమునకు పట్టు కాలమునంతటిని తగ్గింపలేము. కాని పోవునపుడు పది, వచ్చునపుడు పది నిమిషముల నిరీక్షణ తగ్గినను, నెలకు ఎనిమిది గంటలకు పైగా మిగులును. ఘటకేసరునుండి వచ్చు ఆ కార్మికురాలికి అది ఒక పనిదినముతో సమానము. ఆ కాలమును ఆమె పిల్లల చదువు చూచుటకు వినియోగించునో, ఒక కునుకు తీయుటకే వినియోగించునో, అది ఆమె ఇష్టము.